మురికి చాలని బావి

అందరూ తప్పంతా ఆ యంత్రానిదే అంటారు. కాదు. తప్పు నా దోసకాయ పప్పుది. ఆ మాట నేనే చెప్పాలి, ఎందుకంటే పప్పు వండిందీ నేనే, యంత్రం వచ్చి కూర్చున్నదీ నా పెరట్లోనే.

నా పేరు వెంగమ్మ. గుండ్లమడుగులో తారురోడ్డు పక్కన భోజనం హోటలు నడుపుతాను. హోటలంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. రేకుల వసారా, నాలుగు బల్లలు, వెనక పక్క ఊరి బావి. మా చుట్టుపక్కల ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్లే, దానికి తోడు ఫ్లోరైడు. ఆ నీళ్లతో కందిపప్పు పొయ్యి మీద పెడితే పొద్దు వాలినా పలుకు పలుకుగానే ఉంటుంది. మా బావి ఒక్కదాన్నే దేవుడు ఏ ధ్యాసలో ఉండి వదిలేశాడో గాని, తియ్యగా ఉంటుంది. ఆ నీళ్లలో పప్పు వేశామంటే వెన్నలా మెత్తబడుతుంది. అందరూ నా చేతి మహిమ అంటారు, నేనూ కాదనను. వ్యాపారం కదా. జీవితంలో ఒక్కసారి మాత్రం మహిమ నాది కాదు, నీళ్లదని నిజం చెప్పాను. ఆ ఒక్కసారీ ఎవరూ నమ్మలేదు.

మా అక్క పేరమ్మను ఎర్రబోడు ఇచ్చారు. మా ఊరి నుంచి గుట్ట దాటితే వచ్చే ఊరు. దారి ఉంది గాని, అందులో దారి కంటే గుంటలు ఎక్కువ. అక్కడి నీళ్లు తాగీ తాగీ మా అక్క మెడ బిగుసుకుపోయింది. వెనకనుంచి పిలిస్తే తల తిరగదు, మనిషి మొత్తం తిరుగుతుంది. ఆ ఊళ్లో నవ్వేవాళ్లంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. పళ్ల మీద గోధుమరంగు చారలు మరి. అక్కకి ఆ మధ్యనే మనవరాలు పుట్టింది. జాహ్నవి అని పేరు పెట్టారు. నీళ్ల మీద ఎంత ఆశ లేకపోతే ఆ ఊళ్లో ఆ పేరు పెడతారు చెప్పండి. పిల్లకి పళ్లు వచ్చేలోగా ఊరికి మంచినీళ్లు రావాలని మా అక్క మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

ఇన్నాళ్లకి ఆ మొక్కులు ఫలించాయి. ఎర్రబోడుకు ఎండతో నీళ్లు శుభ్రం చేసే యంత్రం మంజూరైందని కబురొచ్చింది. ఆ కబురు వెనకే, స్థలం చూడటానికి జిల్లా సౌరజల విభాగం పెద్ద ఇంజనీరు భుజంగరావు గారు కార్లో వచ్చారు.

భుజంగరావు గారు చెడ్డవారు కాదు. ఆ సంగతి ముందే చెబుతున్నాను. నియమం ఒకటి కనిపిస్తే దాన్ని పాటించకుండా ఉండలేని మనిషి, అంతే. ఎర్రబోడు వెళదామని బయలుదేరి, మొదటి గుంటలోనే కారు కడుపు నేలకి తగిలేసరికి వెనక్కి తిప్పించి నా హోటలు ముందు దిగారు. ఆకు వేశాను. దోసకాయ పప్పు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. పప్పు రెండోసారి అడిగారు. మూడోసారి అడగలేదు, నా చేతిలో గిన్నె వైపు చూస్తూ ఉండిపోయారు. నేనే వడ్డించాను. చెయ్యి కడుక్కుని, పక్కనే నిలబడ్డ మా సర్పంచ్ మాలకొండయ్యతో, యంత్రం ఇక్కడే పెడదామన్నారు.

అది ఎర్రబోడుకు వచ్చిన యంత్రం కదా సారూ, అన్నాను.

"స్థల నిర్ణయానికి మార్గదర్శకాలు ఉన్నాయమ్మా. సమృద్ధిగా సూర్యరశ్మి ఉండాలి. పర్యవేక్షణ వాహనాలు నిరాటంకంగా చేరుకోగలగాలి. పర్యవేక్షక సిబ్బందికి కనీస వసతులు ఉండాలి." కనీస వసతులు అన్నప్పుడు ఆయన చూపు పప్పు గిన్నె మీదే ఉంది.

"చెడ్డ నీళ్లు ఉండాలని ల్యాదా సారూ అందులో?"

"అది అంతర్లీనంగా ఉన్నట్టు భావించాలి," అన్నారాయన.

అప్పుడు చెప్పాను ఆ నిజం. మా బావి నీళ్లు బంగారం లాంటివని, మీరు మూడుసార్లు తిన్న పప్పే సాక్ష్యమని. ఆయన జాలిగా నవ్వారు. నీరు బాగుండటమనేది వ్యక్తిగత అనుభూతి అనీ, ప్రయోగశాల ధ్రువీకరించేదాకా ఏ నీటినీ మంచిదని అనడానికి ఎవరికీ అధికారం లేదనీ సెలవిచ్చి కారెక్కారు. మాలకొండయ్య కారు తలుపు వేసి దణ్ణం పెట్టాడు. ఊరికి వచ్చేదాన్ని వద్దనే సర్పంచిని నేనింతవరకు చూడలేదు.

యంత్రం వచ్చింది. నిజం చెప్పొద్దూ, ముచ్చటైన యంత్రం. పెద్ద అద్దాల పెట్టె, లోపల నీళ్ల మీద తేలే నల్లటి పలక. ఏదో కొత్తరకం పదార్థమట, వెంట్రుక కన్నా సన్నని పొరలు వేల కొద్దీ పేర్చి చేశారట. ఎండ పడితే ఆ పలక వేడినంతా పట్టేసుకుని నీళ్లను ఆవిరి చేస్తుంది. ఉప్పూ ఫ్లోరైడూ కిందే ఉండిపోతాయి. ఆవిరి పైఅద్దానికి అంటుకుని, చల్లబడి, బొట్టు బొట్టుగా జారి గొట్టంలోకి వస్తుంది. కరెంటు అక్కర్లేదు, మోత లేదు. ఎర్రబోడులో పెట్టి ఉంటే దానికి రోజూ హారతి ఇచ్చేవాళ్లు.

ప్రారంభోత్సవానికి మా అక్క మనవరాల్ని చంకనేసుకుని గుట్ట దాటి నడిచి వచ్చింది. జనమంతా వెళ్లాక అద్దం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. "మాకొచ్చిందే గందా మే ఇది," అంది చివరికి. ఏం చెప్పను? నీ యంత్రాన్ని నా పప్పు మింగేసిందే అక్కా అని ఎట్లా చెప్పను? బిందెడు బావినీళ్లు ఇచ్చి పంపించాను. నెత్తిన బిందె పెట్టుకోవడానికి మెడ సహకరించదు, నడుమున పెట్టుకుని పోయింది. పిల్లని రెండో చంకకి మార్చుకుంది.

ఆ తర్వాత మొదలైంది అసలు తమాషా. యంత్రం పనితనాన్ని కొలవడానికి ప్రయోగశాల వాళ్లు వచ్చారు. లోపలికి పోయే నీళ్లలో మలినం ఎంత, బయటికి వచ్చే నీళ్లలో ఎంత, తేడా ఎంత. ఆ తేడా నూటికి తొంభై అయిదు పాళ్లు ఉంటేనే యంత్రం నెగ్గినట్టు. లోపలికి మా బావినీళ్లే పోశారు కదా. అందులో తీసెయ్యడానికి ఏముంది? తేడా సున్నా వచ్చింది. జిల్లాకు మొట్టమొదట వచ్చిన యంత్రం, దానికి సున్నా మార్కులు.

భుజంగరావు గారు పరుగున వచ్చారు. ఆ రోజు పప్పు ఒక్కసారే తిన్నారంటే ఆయన మనసు ఎంత నలిగిపోయిందో మీరే అర్థం చేసుకోండి. యంత్రాన్ని చుట్టూ తిరిగి చూశారు, పలకను పరిశీలించారు, ఎండను కూడా ఓసారి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఆఖరికి బావిలోకి తొంగి చూసి, లోపం పట్టేశారు.

"ముడినీటి నాణ్యత ఆశించిన స్థాయిలో లేదు," అన్నారు. "తగినంత మలినం లేదు. మీ ఊరు పథకానికి సహకరించడం లేదు మాలకొండయ్య గారూ."

పాపం మా సర్పంచ్‌కి అంత మాట ఎప్పుడూ పడలేదు. ఊరిని నిందపాలు కానివ్వనని మరుసటి పొద్దునే టముకు వేయించాడు. ప్రజలందరూ యంత్రంలోకి నీళ్లు పోయే తొట్టి దగ్గర గేదెల్ని కడిగి సహకరించాలని. మా వాళ్లకి సహకారమంటే మహా ఇష్టం. ఒకడు గేదెను తెచ్చాడు, ఇంకొకడు సైకిలు కడిగాడు, బడి పిల్లలు వరసకట్టి సిరా పాళీలు ముంచారు. ఆ నీళ్లను చూసి ప్రయోగశాల వాళ్లు ముక్కు మూసుకుని వెళ్లిపోయారు. యంత్రం తియ్యగలిగింది ఫలానా ఫలానా మలినాలనీ, గేదె ఆ పట్టికలో లేదనీ రాసి పంపారు.

దాంతో ప్రామాణిక మలినం కావలసి వచ్చింది. నగరం నుంచి మూటల్లో వచ్చింది, మూట మూటకీ నాణ్యతా ముద్ర. మలినం కల్తీ లేనిదని ధ్రువపత్రం కూడా ఉంది. ఆ మూటలు బావిలో కలపడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. పప్పు గరిటె చేతిలో ఉండగానే వెళ్లి బావి గట్టు మీద కూర్చున్నాను. బావిలో వెయ్యాలంటే ముందు నన్ను వెయ్యండి, నేను ఏ పట్టికలో ఉన్నానో చూసుకోండి అన్నాను. ఇరుగూ పొరుగూ ఆడవాళ్లు వచ్చి వరసగా కూర్చున్నారు. భుజంగరావు గారు ఫోన్లో ఆలోచించి, బావిలో వద్దు, తొట్టిలోనే కలపండని దయతలచారు. గెలిచామనుకుని లేచి వచ్చి చారు పోపు పెట్టుకున్నాను. అంత తెలివి తక్కువదాన్ని నేను.

తొట్టిలో కలిపారు. యంత్రం కలిపిందంతా చక్కగా తీసేసింది. తొంభై ఏడు పాళ్లు. జిల్లా అంతా చప్పట్లు. భుజంగరావు గారికి శాలువా. ఆ నివేదిక పైకి వెళ్లింది, పైవాళ్లు మొదటి పుట చదివారు. "గుండ్లమడుగు బావి ముడినీరు: అత్యంత ప్రమాదకరం" అని ఉంది. ఇంత విషం తాగుతూ ఆ ప్రజలు ఎలా బతికి ఉన్నారని వాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నంత పనిచేసి, బావి మూసెయ్యమని ఆజ్ఞ ఇచ్చారు. ఇనప మూత పెట్టారు, తాళం వేశారు, ఎర్ర రంగుతో పుర్రె బొమ్మ వేశారు. ఆ పుర్రెకి పళ్లు మాత్రం తెల్లగా వేశాడు పెయింటరు. మా అక్క చూసి అదొక్కటే మెచ్చుకుంది.

మీరు కలిపిన మురికి సారూ అది, మా బావిది కాదు, అని నేను మొత్తుకున్నాను. కలిపిన సంగతి ఆయనకు వ్యక్తిగతంగా తెలుసునట. కార్యాలయానికి మాత్రం తెలియదట. ఆయన ఆ మాట ఎంత నిజాయితీగా అన్నారంటే, నాకు తిట్టాలనిపించినా నోరు రాలేదు.

బావి మూశాక యంత్రానికి నీళ్లు లేవు. యంత్రం ఆగితే శాలువా వెనక్కి ఇవ్వాలి. సిసలైన చెడ్డనీళ్లు ఎక్కడ దొరుకుతాయని జిల్లా అంతా వాకబు చేస్తే, అన్ని విధాలా పట్టికకు సరిపోయే నీళ్లు ఒక్క ఎర్రబోడులోనే ఉన్నాయని తేలింది. భుజంగరావు గారి ఆనందం చూడాలి. ఇంత నిఖార్సయిన ఫ్లోరైడు ఇంత దగ్గర్లో పెట్టుకుని ఇన్నాళ్లూ మూటలు తెప్పించుకున్నామే అన్నారు. రోజూ డ్రైవరు ఖాజావలి తోలే ట్యాంకరు గుట్ట దాటి ఎర్రబోడు వెళ్లడం, అక్కడి చెడ్డనీళ్లు తేవడం, యంత్రంలో పొయ్యడం మొదలైంది. సారు కారు పోలేని దారిలో ట్యాంకరు ఎలా పోతుందని అడగకండి. ట్యాంకరుకు మార్గదర్శకాలు తెలియవు.

మరి శుభ్రమైన నీళ్లు ఏమయ్యాయంటారా? ఆవిరి నీళ్లు కదా, బ్యాటరీల్లో పొయ్యడానికి భేషుగ్గా ఉంటాయని ఆఫీసులో ఎవరో కనిపెట్టారు. దాంతో క్యాన్లు అన్నీ జిల్లాకేంద్రానికి పోయాయి. ఏ ఆఫీసు ఇన్వర్టరు చూసినా ఎర్రబోడు మంచినీళ్లు తాగి కళకళలాడుతోందట. ఎర్రబోడు మనుషులు మాత్రం మునుపటి నీళ్లే తాగుతున్నారు, అదీ ట్యాంకరు నింపాక మిగిలితే. మా ఊరికి కూడా ఆ ట్యాంకరు నీళ్లే గతి. నా హోటల్లో పప్పు ఉడకడం మానేసింది. గిరాకీ తగ్గింది. లారీ డ్రైవర్లు హారను కొట్టి, చెయ్యి ఊపి, ఆగకుండా పోతున్నారు. అన్నిటికన్నా, మా అక్క అప్పుడప్పుడూ వచ్చి మనవరాలి కోసం పట్టుకుపోయే బిందెడు బావినీళ్లు ఆగిపోయాయి. రాత్రి పడుకుంటే నాకు ఆ పిల్ల చిగుళ్లే కళ్లలో మెదిలేవి.

అలాంటి రోజుల్లో భుజంగరావు గారు తనిఖీకి వచ్చి ఆకు ముందు కూర్చున్నారు. నేను దోసకాయ పప్పు వడ్డించాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కటుక్కుమంది. దవడ పట్టుకుని నా వైపు చూశారు. ఆ చూపులో మొదటిసారి ప్రజాసమస్య కనిపించింది.

"ఏమైందమ్మా పప్పుకి?"

"మీరు బావి మూశారు గదా సారూ," అన్నాను. "ఇది ఎర్రబోడు నీళ్ల పప్పు. వాళ్లు పుట్టిన కాడ్నించీ ఇదే తింటన్నారు."

ఆయన పప్పును ఆకు పక్కకి తోశారు. మూసిన బావిని తెరవడానికి నియమం లేదు. ఆయన్ని చూసి నాకే జాలేసింది. నియమాన్ని దాటించలేకపోతే నియమంలో నుంచే దారి తియ్యాలని, మెల్లగా అడిగాను. మూసేసిన బావిలో ఇంత విషం పెట్టుకోవచ్చా సారూ, ఊట పొంగి ఊళ్లోకి వస్తే ఎవరిది పూచీ? ఆయన కళ్లు మెరిశాయి. ప్రమాదకర జలాన్ని ఎప్పటికప్పుడు తోడించి, మానవ సంచారం లేని ప్రదేశంలో పారబోయించాలని నియమం ఉందట. అది ఆయనకి కంఠతా వచ్చు.

"అయితే మీ ఆఫీసు లెక్కలో మనిషి పోని చోటు ఏదో చూడండి," అన్నాను.

సంచీలోంచి పటం తీసి బల్ల మీద పరిచారు. అధికారులు వెళ్లిన ఊళ్లన్నిటికీ ఆకుపచ్చ చుక్కలు ఉన్నాయి. జిల్లా మొత్తం మీద ఒక్క అధికారీ అడుగు పెట్టని చోటు ఒకటే ఉంది, గుట్ట అవతల. ఆయన వేలు దాని మీద పెట్టి, కార్యాలయ రికార్డుల ప్రకారం ఎర్రబోడులో మానవ సంచారం లేదని తేల్చేశారు. పైగా ట్యాంకరు వెళ్లేటప్పుడు ఖాళీగా వెళుతోందని లెక్కల వాళ్లు పెట్టిన అభ్యంతరం కూడా తీరిపోతుందని సంతోషించారు.

మర్నాటి నుంచి ఖాజావలి బావి మూత తీయించి, ట్యాంకరు కడిగి, విషం నింపుకుని ఎర్రబోడు పోయి, అక్కడి ఇళ్లముందు డ్రమ్ముల్లో పారబోసి, వాళ్ల బోరు నీళ్లు పట్టుకుని వచ్చేవాడు. నింపేటప్పుడు పైపు కాస్త కారేది. ఆ కారే నీళ్లు మా ఊరి బిందెల్లో పడేవి. కారిన నీళ్ల గురించి ఎక్కడా ఏమీ రాసి లేదు, నేను అడిగి కనుక్కున్నాను. నా పప్పు మళ్లీ మెత్తబడింది. లారీలు ఆగాయి. భుజంగరావు గారి తనిఖీలు పెరిగాయి. అక్క ఒకరోజు వచ్చి, తమ ఊళ్లో మొట్టమొదటిసారి పప్పు ఒక్క ఎసట్లో ఉడికిందని చెబుతూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

మంచిరోజులు మంచిగా ఉండనివ్వరు కదా. రాష్ట్ర స్థాయి కమిటీ ఒకటి ఎత్తయిన జీపుల్లో వచ్చింది. యంత్రాన్ని చూసింది, నా హోటల్లో భోంచేసింది, ఉత్సాహం పట్టలేక గుట్ట కూడా దాటేసింది. ఎర్రబోడు ఇళ్లలో కుండల్లో నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడు లేదు. యంత్రం గుట్టకి ఇవతల, మంచినీళ్లు గుట్టకి అవతల. కమిటీ పెద్దాయన గడ్డం నిమురుకుని, ఇది సుదూర శుద్ధి ప్రభావమని ప్రకటించాడు. నల్ల పలక శక్తి గుట్ట దాటి పనిచేస్తోందట. మా ఊళ్లో సభ పెట్టి భుజంగరావు గారికి ఇంకో శాలువా. ఇంత అద్భుతాన్ని పదిమందీ వచ్చి చూడాలంటే ఎర్రబోడుకు వెంటనే తారురోడ్డు వెయ్యాలని, ఆ సభలోనే ప్రకటన.

చప్పట్లు కొట్టబోయి నా చేతులు గాల్లోనే ఆగిపోయాయి. రాష్ట్రం జీపులు జిల్లా పటంలో చుక్క పెట్టవు గాని, రోడ్డు పడితే జిల్లా కార్లు పోతాయి. కార్లు పోతే ఆకుపచ్చ చుక్క పడుతుంది. చుక్క పడితే అక్కడ మనుషులు ఉన్నట్టు. మనుషులున్న చోట విషం పారబొయ్యకూడదు. ట్యాంకరు ఆగిపోతుంది. జనం మధ్యలో అక్క నిలబడి ఉంది, చంకలో పిల్ల. తల తిప్పలేక మొత్తం తిరిగి నా వైపు చూసింది. ఆ చూపుతోనే తెలిసింది, దానికీ అర్థమైందని.

ముప్పై ఏళ్లుగా ఆ ఊరు రోడ్డు కోసం తిరగని ఆఫీసు లేదు. ఆ ఊరి తరఫున మా అక్క జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి పోయి, భుజంగరావు గారి ముందు చేతులు జోడించింది. తల వంచడం రాదు గనక నిటారుగానే నిలబడింది.

"మాకు రోడ్డు వద్దు సామీ."

ఎందుకమ్మా వద్దంటున్నావు అని ఆయన అడిగారు. అక్క పిల్ల బుగ్గలు నొక్కి నోరు తెరిచి చూపించింది. కింద చిగురు మీద రెండు పళ్లు, బియ్యపు గింజలంత.

"ఇయ్యి పాలపళ్లు. అసలు పళ్లు కుదురుకునేదానికి ఏడెనిమిదేళ్లు పట్టిద్ది. అందాకా మా వూరికి ఎవురూ రాబాకండి. రోడ్డు ఎయ్యబాకండి. అంతే సామీ, ఇంకేం అడగం."

భుజంగరావు గారు ఆ పళ్ల వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆ మనిషికి అన్నీ తెలుసని నాకు అప్పుడు తెలిసింది. కార్యాలయానికే తెలియదు. ఆయన మైకు అందుకున్నారు.

"ఈ విన్నపాన్ని నేను సంతోషంగా ఆమోదిస్తున్నాను," అన్నారు. "ముప్పై ఏళ్ల నా ఉద్యోగంలో ప్రజలు కోరినదాన్ని కోరిన గడువు దాకా తు.చ. తప్పకుండా నెరవేర్చగలనని మాట ఇవ్వడం ఇదే మొదటిసారి. రోడ్డుకు ఇప్పుడే శంకుస్థాపన చేస్తాం. ఆ తర్వాత ఎనిమిదేళ్లూ ఎవరూ అటు రారు."

శంకుస్థాపన ఆ సాయంత్రమే మా వైపు మొదటి గుంట దగ్గర జరిగింది. రాయి బ్రహ్మాండంగా ఉంది. ఖాజావలి రోజూ దాని పక్కనుంచే ట్యాంకరు తోలుకుని పోతున్నాడు.